అనంతపురం మట్టిలో ఓవల్ రేసు: చవక ఆర్‌సీ కారా, ఖరీదైనదా? నా అనుభవం

మాది అనంతపురం. బోరు మోటార్లు రివైండింగ్ చేసే అంగడి మా నాయన పెట్టింది, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. కాలిపోయిన మోటారు వస్తే విప్పి, మాడిన రాగి పీకి, చుట్లు లెక్కపెట్టి, అదే గేజి తీగతో మళ్లీ చుట్టి పంపిస్తాం. మోటారంటే నాకు ప్రాణం. అది ఎంత చిన్నదైనా సరే, చేతికొస్తే లోపల ఎన్ని చుట్లున్నాయో చూస్తే గానీ మనసు నిలవదు. రిమోట్ కార్ల (ఆర్‌సీ అంటే రేడియో కంట్రోల్) రేసు వైపు నన్ను లాగింది కూడా ఆ చుట్ల లెక్కే.

బెంగళూరులో ఉద్యోగం చేసే మా అక్క కొడుకు ఉగాదికి ఊరికొచ్చినప్పుడు ఫోన్లో కొన్ని వీడియోలు చూపించాడు. గుడ్డు ఆకారంలో మట్టి ట్రాక్. నెత్తిన పెద్ద రెక్క బిగించుకున్న కార్లు. మలుపులో వెనక భాగం బయటికి జారుతుంటే ముందు చక్రాలు ఎదురు దిక్కుకు తిప్పి, గ్యాస్ వదలకుండా పోతున్నారు. వాటిని స్ప్రింట్ కార్లంటారట. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఎల్డోరా ట్రాక్ 1954 నుంచి ఉంది. అయోవాలోని నాక్స్‌విల్‌లో 1961లో మొదలైన నేషనల్స్ పోటీ ఇప్పటికీ ఆ ఆటకు పెద్ద పండగ. ఆ కార్లనే పదో వంతు సైజుకు తగ్గించి, బ్యాటరీ పెట్టి, రిమోట్‌తో నడిపే ఆట ఆర్‌సీ డర్ట్ ఓవల్.

ఈ ఆటలో మలుపులన్నీ ఎడమకే. కుడికి తిరిగే పని లేదు కాబట్టి కారు మొత్తాన్నీ ఎడమ మలుపు కోసమే తయారుచేస్తారు. బ్యాటరీ, ఇతర బరువులు ఎడమవైపు జరుపుతారు. కుడి వెనక టైరు ఎడమదానికంటే కాస్త పెద్దది వేస్తారు. ముందు చక్రాలు రెండూ పైభాగం ఎడమకు వాలేట్టు బిగిస్తారు. చూసేవాళ్లకు వంకరగా కనిపించే ఆ కారు మలుపులో మాత్రం కుదురుగా కూర్చుంటుంది.

"మామా, నువ్వు మోటార్ల పని తెలిసినోనివి. నీకిది బాగా వస్తాది, చూడు" అన్నాడు అల్లుడు. ఆ మాట మనసులో పడిపోయింది.

ఇంట్లో మాట్లాడుకున్నాం. ఆ ఏడు బోర్ల పని బాగా జరిగింది కాబట్టి 70 వేల దాకా పెట్టొచ్చని నేనూ మా ఆవిడా అనుకున్నాం. ఆమె ఒక షరతు పెట్టింది. "కొనేది ఒకసారి కొను. అది పోయింది, ఇది తక్కువైంది అని నెలనెలా దుడ్లు అడగొద్దు." నేను వేసిన లెక్కలన్నిటికీ ఈ షరతే పునాది. కారు కొనే ధర ఒకటి, దాన్ని నడుపుతూ ఉండడానికి అయ్యే ఖర్చు ఇంకొకటి. రెండోదాన్ని ముందే లెక్కేయడం మా వృత్తిలో అలవాటు. పంపు కొనే రైతును కూడా మేము మొదట అడిగేది బోరు ఎంత లోతని, కరెంటు ఎట్లొస్తుందని.

అల్లుడితో కూర్చుని చూస్తే బండ్లు మూడు రకాలుగా తేలాయి. మొదటిది అంగట్లో పిల్లలకు కొనిచ్చే బొమ్మ కారు. అందులో స్టీరింగ్ మొత్తం తిరుగుతుంది, లేదా తిరగదు, మధ్యలో ఉండదు. రిసీవరు, స్పీడు కంట్రోలు, స్టీరింగు అన్నీ ఒకే బోర్డు మీద ఉంటాయి, ఒకటి పోతే అన్నీ పోయినట్టే. దాన్ని వెంటనే పక్కన పెట్టాం. రెండోది హాబీ గ్రేడ్ అనే తరగతిలో తక్కువ ధరవి. 10 వేల చుట్టుపక్కల దొరికే 1/14 సైజు చైనా బండ్ల నుంచి, ట్రాక్సాస్ స్లాష్ లాంటి 1/10 షార్ట్ కోర్స్ ట్రక్కుల (గతుకుల నేల మీద పోయే రకం) దాకా ఇందులోకే వస్తాయి. ఓవల్ కోసమే చేసి, పెట్టె తెరిచి నడుపుకునేట్టు అమ్మేవి కూడా ఉన్నాయి: టీమ్ అసోసియేటెడ్ వాళ్ల ఎస్ఆర్10, లోసి వాళ్ల 22ఎస్ స్ప్రింట్ కారు అట్లాంటివే. మూడోది కస్టమ్ వర్క్స్ లాంటి కంపెనీలు చేసే అసలైన రేసు కిట్లు. వీటిలో చాసిస్సూ సస్పెన్షనూ మనమే బిగించుకోవాలి. మోటారు, ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపుచేసేది), సర్వో (ముందు చక్రాలను తిప్పే చిన్న మోటారు), రిమోటు, బ్యాటరీ, ఛార్జరు అన్నీ విడిగా కొనాలి. అల్లుడు అన్నీ కలిపి లెక్కేస్తే, సుంకంతో సహా, లక్షా 20 వేలు దాటింది.

"ఇంత చిన్నదానికి అంత దుడ్డా?" అని మా ఆవిడ అడిగింది. అది అడగాల్సిన ప్రశ్నే. ఆ డబ్బంతా ఎక్కడికి పోతుందో తెలియాలంటే విప్పి చూడాలి. నేను బెంగళూరు పోయాను.

అల్లుడి స్నేహితుడి దగ్గర రెండూ ఉన్నాయి: ఒక స్లాష్, ఒక ఖరీదైన లేట్ మోడల్ (ఓవల్ రేసు కార్లలో అదొక రకం) కిట్. ఆ పిల్లోడు మంచోడు. నేను చేసే పనేమిటో విని, స్క్రూడ్రైవరు నా చేతికిచ్చి రెండింటినీ విప్పనిచ్చాడు.

ముందుగా మోటార్లు పట్టుకున్నాను. స్లాష్‌లో వచ్చేది టైటాన్ అనే 12 చుట్ల బ్రష్డ్ మోటారు, 550 సైజు. అంటే మామూలు 540 కంటే డబ్బా పొడుగు. కార్బన్లు కమ్యుటేటరు మీద రాసుకుంటూ తిరిగే పాత పద్ధతి. మన మిక్సీలో ఉండేది కూడా కార్బన్ల మోటారే. కార్బన్లు అరుగుతాయి, కమ్యుటేటరు నల్లబడుతుంది. నాకు తెలిసిన రోగం, తెలిసిన మందు.

రెండోదాంట్లో 17.5 చుట్ల బ్రష్‌లెస్ మోటారు, అంటే కార్బన్లు లేనిది. అది విప్పినప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. లోపల ఉన్నది మన త్రీఫేజే! మూడు ఫేజుల కాయిల్స్ స్టేటరులో, స్టార్ కనెక్షన్. రోటరు మాత్రం వేరు; మన బోరు మోటారులో రోటరుకు అయస్కాంతం ఉండదు, ఇక్కడ శాశ్వత అయస్కాంతమే రోటరు. అది ఏ క్షణంలో ఎక్కడుందో చెప్పడానికి హాల్ సెన్సర్లు. ఆ కబురు సన్న కేబులు గుండా ఈఎస్‌సీకి పోతుంది. అందుకే స్టార్టింగులో తడబాటు లేదు, వేలు ఎంత నొక్కితే అంతే కదులుతుంది. 17.5లో ఆ అర చుట్టేమిటని చూస్తే, తీగ స్టేటరుకు ఈ కొసన మొదలై ఆ కొసన ముగుస్తుంది, కాబట్టి ఆఖరి చుట్టు సగమే. చుట్లు తగ్గేకొద్దీ వేగం పెరుగుతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది, వేడెక్కుతుంది. మా అంగట్లో రోజూ చూసే లెక్కే.

ఖరీదైన బండిలో మిగతా డబ్బు ఎక్కడుందో కూడా చూశాను. చాసిస్ పలక మధ్యగీతకు ఎడమవైపు జరిపి కోసి ఉంది. బ్యాటరీ ఎడమన కూర్చుంటుంది. చక్రాల వంపు మార్చే రాడ్లకు ఒక కొస కుడి మర, ఇంకో కొస ఎడమ మర, అంటే విప్పకుండానే తిప్పి పొడుగు మార్చుకోవచ్చు. షాకులు మర ఉన్న అల్యూమినియం గొట్టాలు, స్ప్రింగును అర మిల్లీమీటరు లెక్కన ఎత్తొచ్చు, దించొచ్చు. వెనక చక్రాలు రెండూ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చేది బాల్ డిఫరెన్షియల్: పళ్ల చక్రాల బదులు రెండు రింగుల మధ్య సన్నటి గుండ్లు. లేత్ పని తెలిసినవాళ్లెవరైనా దాన్ని చూస్తే ఆ ధర ఎందుకో ఒప్పుకుంటారు. మోసం లేదు. డబ్బుకు తగ్గ పని కనిపిస్తుంది.

నడిపినప్పుడు అసలు విషయం తెలిసింది. ఊరి బయట, ఇళ్లు కట్టకుండా వదిలేసిన లేఅవుట్లో వాళ్లు కొంత మేర బంకమట్టి తోలి, తడిపి, రోలరు తిప్పి పెట్టుకున్నారు. ఆ నున్నటి నేల మీద కిట్ కారు నడపడం నాకు దొరికిన గొప్ప అనుభవాల్లో ఒకటి. స్టీరింగు ఒక్క పిసరు తిప్పితే కుడివైపు కాస్త ఒరిగి, వెనక భాగం మెల్లగా బయటికొచ్చి, అక్కడే నిలబడిపోతుంది. ప్రతి చుట్టూ అదే గీత మీద పోయింది. తర్వాత స్లాష్ తీసుకున్నాను. అది మలుపులో బాగా ఒరుగుతుంది, ఎడమ ముందు చక్రం నేల వదిలేస్తుంది, వెనకభాగం ఒకసారి ఎక్కువ జారుతుంది, ఒకసారి తక్కువ.

అక్కడితో ఆగి ఉంటే నేను కిట్ కోసం అప్పు చేసేవాణ్ణేమో. కానీ మా నేల అట్లా ఉండదు కదా. రోలరు తిప్పని పక్క స్థలంలోకి, గులకరాళ్లు, ఎండుగడ్డి మొదళ్లు ఉన్న చోటికి రెండింటినీ తీసుకుపోయాను. కిట్ కారు చాసిస్ నేలకు అంటుకుపోయి గీసుకుంటూ పోయింది. ఒక చిన్న రాయి పినియనుకూ (మోటారు కొసన ఉండే చిన్న పళ్ల చక్రం), అది తిప్పే పెద్ద స్పర్ గేరుకూ మధ్య ఇరుక్కుని బండి ఆగిపోయింది. అది దాని తప్పు కాదు, దాన్ని ఆ నేల కోసం చేయలేదు. స్లాష్ మాత్రం రాళ్ల మీద ఎగురుకుంటూ తిరిగింది.

ఇంకో పని చేయించాను. స్లాష్‌కు కిట్ కారు రిమోటును కలిపి, బంకమట్టికి పనికొచ్చే మెత్తటి టైర్లు వేయించి, మళ్లీ నున్నటి నేల మీద నడిపాను. బండి అదే, మోటారు అదే. కానీ చేతికి తగిలే తేడా చాలా తగ్గిపోయింది. ఇందాక ఖరీదైన చాసిస్ గొప్పతనం అనుకున్నదాంట్లో సగం రిమోటుదీ టైర్లదీ అని అప్పుడు తెలిసింది. ఆ సాయంత్రమే నా నిర్ణయం దాదాపు అయిపోయింది.

కొనే మార్గం చూసినా అదే తేలింది. విదేశం నుంచి తెప్పించుకుంటే, కస్టమ్స్ వాళ్ల లెక్కలో రిమోట్ కారు బొమ్మల కిందికే వస్తుంది. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020 బడ్జెట్‌లో 20 నుంచి 60 శాతం అయింది, 2023లో 70 శాతం అయింది. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు బీఐఎస్ నాణ్యత గుర్తు కూడా తప్పనిసరి. లిథియం బ్యాటరీలను విడిగా ప్రయాణికుల విమానాల్లో సరుకుగా పంపడం 2016 ఏప్రిల్ నుంచి నిషేధం. కాబట్టి బ్యాటరీ మన దేశంలో దొరికేదే చూసుకోవాలి. ఇవన్నీ దాటి కిట్ వచ్చిందే అనుకుందాం. చక్రాన్ని పట్టుకునే ఆర్మ్ ఒకటి విరిగితే? అల్లుడి స్నేహితుడు ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క కోసం నెల దాటి ఎదురుచూశానని చెప్పాడు. స్లాష్ 2008లో వచ్చిన బండి. ఇన్నేళ్లుగా అమ్ముడుపోతోంది కాబట్టి దాని విడిభాగాలు, వాటికి సరిపోయే వేరే కంపెనీల భాగాలు మన దేశంలోనే దొరుకుతాయి. అమెరికాలో కూడా చాలా డర్ట్ ఓవల్ ట్రాకుల్లో దానికంటూ ఒక తరగతే ఉంది. ఓవల్ బాడీలు వేసి నడుపుతారు.

ఆ తరగతుల సంగతి ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే కారు ఎంపికలో చాలామంది చూడనిది అదే. మన వైపు బండలాగుడు పోటీల్లో ఎద్దులను పళ్లను బట్టి విడగొడతారు: పాలపళ్లవి, రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి, ఆపైన సీనియర్లు. పాలపళ్ల కోడెలను తెచ్చి సీనియర్ ఎద్దుల మీద పోటీకి దింపరు. ఆర్‌సీ రేసుల్లో ఆ పళ్ల లెక్క స్థానంలో చుట్ల లెక్క ఉంటుంది. 21.5, 17.5, 13.5, ఆపైన ఎన్ని చుట్లయినా పర్వాలేదనే మాడిఫైడ్. అమెరికాలో 1967లో పుట్టిన రోర్ అనే సంఘం ఏ తరగతికి ఏ మోటారో నియమాలు పెట్టి నడిపిస్తోంది. స్టాక్ తరగతుల్లో, అంటే చుట్లకు హద్దున్న వాటిలో, ఈఎస్‌సీ టైమింగు (కరెంటును కాస్త ముందుగా పంపి వేగం పెంచే సెట్టింగు) పెంచకుండా సున్నా దగ్గరే ఉండాలి. ఆ సెట్టింగులో ఉన్నట్టు గుర్తుగా లైటు మినుకుమంటుంది కాబట్టి దాన్ని బ్లింకీ అంటారు. అందరికీ ఒకే చుట్లు, ఒకే బ్యాటరీ అన్నప్పుడే ఖరీదైన చాసిస్ చేసే మేలు కనిపిస్తుంది. మన ఊళ్లో నాతో పాటు నడిపేవాళ్లు ఏం కొనగలరో అదే మన తరగతి. నేనొక్కణ్ణే లక్ష రూపాయల కారు తెస్తే ఎవరితో రేసాడాలి?

మా వీధి చివర బైకు మెకానిక్, ఆర్ట్స్ కాలేజీలో చదివే ఇద్దరు పిల్లోళ్లు, రాప్తాడు దగ్గర సేద్యం చేసే మా బావ, ఇంతమందికీ ఆసక్తి ఉంది. వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడితే 25 వేలు దాటి ఎవరూ పెట్టలేమన్నారు. పిల్లోళ్లిద్దరూ కలిసి ఒక బండి కొంటామన్నారు. అంతే, తరగతి తేలిపోయింది: 2డబ్ల్యూడీ (మోటారు బలం రెండు చక్రాలకే అందేది) షార్ట్ కోర్స్ ట్రక్కు, దాంతో వచ్చిన బ్రష్డ్ మోటారు, 2ఎస్ లైపో (రెండు సెల్సున్న లిథియం పాలిమర్ బ్యాటరీ), అందరికీ ఒకే రకం టైర్లు.

నా 70 వేలు ఇట్లా పంచాను. వాడిన స్లాష్ ఒకటి బెంగళూరులోనే 20 వేల చిల్లరకు దొరికింది. బండి మీద మిగిలిన డబ్బును ఏ బండి మారినా నాతో ఉండే వస్తువుల మీద పెట్టాను. మంచి పిస్తోలు పట్టు రిమోటు, రెండు రిసీవర్లు. సెల్సును సమానంగా నింపే బ్యాలెన్స్ ఛార్జరు. గట్టి పెట్టెలో వచ్చే 5000 ఎంఏహెచ్ లైపోలు రెండు. లోహపు గేర్లున్న సర్వో, ఎందుకంటే పాత బండి సర్వో అరిగి ఉంది. రెండు రకాల టైర్లు. ఉష్ణోగ్రత చూసే గన్ను. అన్నీ అయ్యాక కొంత మిగిలింది. దాన్ని విడిభాగాల కోసం విడిగా దాచి, మా ఆవిడ చేతికే ఇచ్చాను. ఆ డబ్బు ఇంకా పూర్తిగా అయిపోలేదు.

ఛార్జరు గురించి ఒక మాట. డబ్బు తక్కువగా ఉన్నవాళ్లు మొదట కోత పెట్టేది దాని మీదే, అది నాకు బాధ కలిగిస్తుంది. లైపో సెల్ 4.2 వోల్టుల దగ్గర నిండుతుంది, 3.3 కంటే కిందికి దిగనివ్వకూడదు, వాడకుండా పెట్టేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. 5000 ఎంఏహెచ్ బ్యాటరీని 5 ఆంపియర్లకు మించి ఛార్జి చేయకపోవడం మేలు. ఇవన్నీ మంచి ఛార్జరు తానే చూసుకుంటుంది. మేలో మా ఊళ్లో 42, 43 డిగ్రీల ఎండ. అంత వేడిలో ఉబ్బిన లైపో ఇంట్లో ఉండటమంటే నిప్పు ఉన్నట్టే. ఛార్జింగు ఎప్పుడూ సిమెంటు గచ్చు మీద, మనిషి పక్కనుండగానే.

బండిని ఎడమకు తిప్పే పని నాకు బాగా నచ్చింది. స్లాష్ రెండు వైపులా సమానంగా ఉండే బండి. బ్యాటరీని వీలైనంత ఎడమకు జరిపి కట్టాను. టైరు అంగట్లో చక్రాలు బ్యాలెన్స్ చేయడానికి అతికించే సీసం ముక్కలు తెచ్చి ఎడమ అంచున అంటించాను. కుడివైపు షాకులకు గట్టి స్ప్రింగులు, చిక్కటి నూనె. కుడి ముందు చక్రం పైన లోపలికి, ఎడమ ముందు చక్రం పైన బయటికి వాలేట్టు పెట్టాను, అంటే రెండూ ఎడమకే వాలతాయి. డిఫరెన్షియల్లో చిక్కటి గ్రీజు కూరాను. డిఫరెన్షియల్ వదులుగా ఉంటే కుడి వెనక టైరు పెద్దది వేసినా ఫలితం సరిగా తెలియదు. రెండు చక్రాలూ దాదాపు కలిసి తిరిగినప్పుడే పెద్ద టైరు బండిని ఎడమకు తోస్తుంది. ట్రాక్ చిన్నది కాబట్టి పినియను పళ్లు తగ్గించాను. ఈ మార్పులన్నీ చేశాక, బెంగళూరులో చూసిన ఆ ఒరుగుడు చాలావరకు పోయింది. ఖర్చు మాత్రం వేలల్లోకి పోలేదు.

వేడి విషయంలో మోటారు పనివాడిగా నేను కొత్తగా నేర్చుకున్నది ఒకటుంది. బోరు మోటారులో మేము భయపడేది ఇన్సులేషను గురించి. అది తట్టుకున్నంత వరకు మోటారు బతుకుతుంది. ఈ చిన్న బ్రష్‌లెస్ మోటార్లలో వేడికి అయస్కాంతం కూడా దెబ్బతింటుంది. వాటిలో వాడే నియోడిమియం అయస్కాంతాల్లో మామూలు రకాలు 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతాయి, చల్లారాక కూడా ఆ బలం పూర్తిగా తిరిగిరాదు. మా బ్రష్డ్ మోటార్లను కూడా డబ్బా బయట 70 చూపిస్తే ఆపేస్తాం. మిట్టమధ్యాహ్నం మా ఊళ్లో గాలే 40 దాటి ఉంటుంది కాబట్టి ఆ హద్దు ఎంత దగ్గరో ఊహించండి. పొద్దున 8 లోపల, లేదా సాయంత్రం ఎండ తగ్గాకే నడుపుతాం.

ట్రాక్ బావ పొలం గట్టున, వేరుశనగ పీకేశాక ఖాళీగా ఉన్న చోట వేశాం. 25 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు. అనంతపురం ఎర్రనేల సంగతి తెలిసిందే. ఇసుకపాలు ఎక్కువ, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన, మిగతా కాలమంతా దుమ్ము. ఉత్త ఎర్రమట్టి మీద టైరు పట్టదు, రెండు చుట్లు తిరిగేసరికి గాడి పడుతుంది. ఉత్త నల్లరేగడి వేస్తే తడిసినప్పుడు టైరుకు ముద్దలుగా అంటుకుంటుంది, ఎండితే పర్రెలు విచ్చుతుంది. బావ తన పొలానికి తోలించుకున్న చెరువుమట్టిని, జల్లెడ పట్టిన ఎర్రమట్టితో కలిపాం. "ఇప్పుడే నీళ్లు పెట్టి గమ్మునుండండి, తెల్లారేసరికి గట్టిపడతాది" అన్నాడు బావ. మట్టి గురించి ఆయనకు తెలిసినంత ఏ వీడియోలోనూ దొరకదు. ముందురోజు సాయంత్రం తడిపి, పొద్దున పైన తేమ ఆరి లోపల తడి ఉన్నప్పుడు దిమ్మిస కొట్టాలి. అట్లా చేసిన రోజు టైరు నేలను పట్టుకుని పోతుంది. లోపలి అంచుకు, బయటి అంచుకు మా అంగట్లో పడున్న పాత బోరు పైపులు పరిచాం. బండి తగిలినా విరగదు, తిరిగి లోపలికి తోస్తుంది.

మట్టి కుదిరాక ఖరీదైన కారు అక్కర ఇంకాస్త తగ్గిందనుకుంటారేమో. నిజానికి అప్పుడే దాని విలువ తెలిసింది. అల్లుడి స్నేహితుడు ఒక ఆదివారం తన కిట్ కారు తెచ్చి మా ట్రాక్ మీద నడిపాడు. నేల బాగున్న పొద్దుటి పూట అది మా బండ్లన్నిటినీ సులువుగా దాటేసింది. తొమ్మిదిన్నరకల్లా పైపొర ఎండి దుమ్ము లేచింది. అప్పుడు దాని సన్నటి టైర్లు జారడం మొదలుపెట్టాయి, మా ట్రక్కులు దానితో సమానంగా తిరిగాయి. సాయంత్రం అతను దాని బాల్ డిఫరెన్షియల్ విప్పి చూస్తే గ్రీజులో ఎర్రటి దుమ్ము. అట్లా నడిపిన ప్రతిసారీ దాన్ని విప్పి, కడిగి, మళ్లీ బిగించుకోవాలి. అతనికి ఆ పని ఇష్టం, ఓపిక ఉంది. ఖరీదైన బండి కొనేవాళ్లకు ఆ ఓపిక బండితో పాటు రావాలి.

కాబట్టి ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదీ. నీ దగ్గర్లో తడిపి చదును చేసే ట్రాక్ ఉండి, అదే తరగతిలో నడిపేవాళ్లు ఉండి, నీ బండి లాంటిదే ఇంకొకరి దగ్గర ఉండి విడిభాగాలు ఇచ్చిపుచ్చుకునే వీలుంటే, ఖరీదైన కిట్ కొను, డబ్బు వృథా కాదు. ఈ మూడింట్లో ఏది లేకపోయినా ట్రక్కు కొని, మిగిలింది రిమోటు మీద, టైర్ల మీద, ఛార్జరు మీద పెట్టు. 10 వేల చిన్న బండి కూడా చెడ్డదేమీ కాదు. ఇంట్లో పిల్లల చేతికి, నడపడం నేర్చుకోవడానికి సరిపోతుంది. కానీ 1/14 సైజు చక్రాలకు మా గులకరాయి కూడా బండరాయే, పైగా అందులో వేసిన భాగాలేవీ రేపు పెద్ద బండికి పనికిరావు.

మా కాలేజీ పిల్లోళ్లు ఇప్పుడు 17.5కి మారదామని పట్టుబడుతున్నారు. నాకూ ఇష్టమే, ఆ త్రీఫేజు మోటారు నన్ను పిలుస్తూనే ఉంది. అందరూ ఒకేసారి మారితేనే మారాలని ఒప్పందం చేసుకున్నాం. మా బైకు మెకానిక్ డబ్బు కూడబెడుతున్నాడు, అతని కోసం ఆగాం.

వాడిన బండి కొనేవాళ్లు చూడాల్సినవి. బాడీ తీసి చాసిస్ అడుగున చూడండి, గీతలు ఉంటే పర్వాలేదు, పగులు ఉండకూడదు. వెనక చక్రం ఒకటి పట్టుకుని ఇంకొకటి తిప్పండి, డిఫరెన్షియల్లో గరగర వినిపిస్తే ధర తగ్గించమనండి. చక్రాన్ని పైకీ కిందికీ ఊపితే బేరింగు వదులైందో లేదో తెలుస్తుంది. స్క్రూల తలలు నలిగి ఉంటే ముందరివాళ్లు తొందరగా విప్పి బిగించారని అర్థం, లోపల మరలు కూడా చూసుకోండి. మోటారు షాఫ్టు చేత్తో తిప్పినప్పుడు ఎక్కడా పట్టేయకూడదు, ముక్కుకు మాడిన వాసన రాకూడదు. స్టీరింగు ఆ కొసనుంచి ఈ కొసకు తిప్పి వదిలితే సరిగ్గా మధ్యకు రావాలి. బ్యాటరీ మాత్రం, ఎంత తక్కువకిస్తామన్నా, వాడినది తీసుకోకండి.